‘ముదీర్’ అని రాశారా, ‘ఆమిల్’ అని రాశారా?

రంజాన్ పండుగ వెళ్లిన వారానికి మా ఆపా కొడుకు మా ఇంటికి వచ్చాడు. వెంట దూల్హాభాయ్ కూడా ఉన్నారు. కుర్రవాడు హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. గిడ్డంగులు, సరుకు రవాణా అతని చేతి కింద నడుస్తాయి. ఎం.బి.ఎ. చదివాడు, ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు. చాయ్ తాగడం కూడా పూర్తి కాకముందే రెండు కాగితాలు మా ముందు పెట్టాడు.

‘‘మామూ, రెండూ సౌదీ ఉద్యోగాలే, రెండూ మేనేజరు పోస్టులే. ఏది మంచిదో మీరు చెప్పాలి. అబ్బా అప్పుడే కడపలో స్థలానికి బేరం పెట్టేశారు’’ అన్నాడు.

మొదటి కాగితం నగరంలోని ఒక ఏజెంటు ఇచ్చింది. రియాద్‌లో ఆపరేషన్స్ మేనేజరు, నెలకు 14,000 రియాళ్లు. ఖర్చుల కింద రెండు లక్షల ఎనభై వేల రూపాయలు కట్టాలి. రెండోది దమ్మామ్‌లోని కంపెనీ నుంచి నేరుగా వచ్చింది. మూడుసార్లు వీడియోలో ఇంటర్వ్యూ చేసి, అన్నీ కలిపి 10,800 రియాళ్లకు గిడ్డంగుల మేనేజరుగా తీసుకుంటామన్నారు. పైసా అడగలేదు. ఇంట్లో అందరి కళ్లూ సహజంగానే 14,000 మీద పడ్డాయి.

మేం వీసా కాపీ అడిగాం. ఏజెంటు ఫోనుకు పంపిన కాపీ చూపించాడు. పైన ఇంగ్లీషులో కంపెనీ పేరు, నంబర్లు ఉన్నాయి. వృత్తి అన్న చోట మాత్రం అరబీ మాట ఒక్కటే ఉంది. చిన్నప్పుడు మదర్సాలో కాయిదా చదువుకున్నవాడే కాబట్టి కూడబలుక్కుని చదివాడు. ఐన్, అలిఫ్, మీమ్, లామ్. ‘‘ఆమిల్! అంటే తావీజులు రాసేవాడా మామూ?’’ అన్నాడు. ఇల్లంతా నవ్వింది. మన ఊళ్లలో ఆమిల్ అంటే అదే అర్థం మరి. సౌదీ కాగితాల మీద మాత్రం ఆ మాటకు అర్థం కూలీ.

మేం నవ్వలేకపోయాం. ఆ మాటతో మాకు పాత పరిచయం ఉంది.

మా ఇకామా కథ

1994లో మేం జెద్దా వెళ్లినప్పుడు మా చేతిలోని ఇంగ్లీషు కాగితం మీద ‘ఆఫీసు మేనేజరు’ అని టైపు చేసి ఉంది. అక్కడ దిగాక మా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలోకి వెళ్లిపోయింది. రెండు నెలలకు ఇకామా పుస్తకం చేతికిచ్చారు. అందులో ఆమిల్ అని రాసి ఉంది. అడిగితే, ‘‘వీసాలు అవే దొరికాయి, తర్వాత మారుస్తాం’’ అన్నారు. కుర్చీ, బల్ల, టెలిఫోను అన్నీ మేనేజరువే ఇచ్చారు. ఆ పని చేశాం కూడా. కానీ కుటుంబాన్ని తెచ్చుకోవడానికి దరఖాస్తు పెట్టబోతే, కూలీ వృత్తికి కుటుంబ వీసా లేదని గుమస్తా కిటికీలోంచే కాగితాలు తిప్పి పంపాడు. నాలుగేళ్లు మా శ్రీమతి ఇక్కడ, మేం అక్కడ. పెద్దమ్మాయి మమ్మల్ని గుర్తుపట్టి దగ్గరికి రావడానికి ప్రతి సెలవులోనూ మొదటి వారమంతా పట్టేది. ‘తర్వాత మారుస్తాం’ అన్న మాట చివరిదాకా మాటగానే మిగిలింది.

ఈ సంగతి చెప్పాక దూల్హాభాయ్ కాసేపు మాట్లాడలేదు. ‘‘ఇప్పుడు చట్టాలు మారాయంటున్నారు గదా!’’ అన్నారు తర్వాత.

మారిన మాట నిజమే. ఇకామా మీద ఉన్న వృత్తి ఒకటి, చేయించే పని మరొకటి కాకూడదని సౌదీ కార్మిక చట్టమే చెబుతుంది. వీసా ఖర్చు, ఇకామా ఖర్చు, వృత్తి మార్పు ఖర్చు, ఉద్యోగం ముగిశాక తిరుగు టికెట్టు ఇవన్నీ యజమాని భరించాలని ఆ చట్టంలోని 40వ అధికరణం. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవడం చట్టవిరుద్ధం. 2021 మార్చి నుంచి అమలులోకి వచ్చిన సంస్కరణల వల్ల, ఏడాది పనిచేసినవాడు కొన్ని షరతులకు లోబడి పాత యజమాని అనుమతి లేకుండానే మరో చోటికి మారవచ్చు. 1994లో ఇలాంటిది ఊహకు కూడా అందేది కాదు.

అయితే ఒకటి గమనించాలి. ఈ హక్కులన్నీ కాగితం మీది వృత్తికే అంటుకుని ఉంటాయి. ఆమిల్‌గా దిగినవాడికి కుటుంబ వీసా దగ్గరే తలుపు మూసుకుంటుంది. వృత్తి మార్చే వీలు ఉన్నా ఆ దరఖాస్తు కదలాల్సింది యజమాని చేతి మీదుగానే. పైగా 2025 జనవరి నుంచి మన దేశం నుంచి వెళ్లేవారి చదువు, అనుభవం ముందుగానే సరిచూశాక గాని వృత్తి వీసా ఇవ్వడం లేదు. నిజంగా మేనేజరు కావాలనుకున్న కంపెనీ ఆ పరిశీలనకు వెనుకాడదు. దాన్ని తప్పించుకోవాలనుకునేవాడే కూలీ వీసా మీద మేనేజర్ని పిలుస్తాడు.

ఇక రెండు లక్షల ఎనభై వేల సంగతి. మన దేశంలో రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. అంతకుమించి ఒక్క రూపాయి అడిగినా అది నేరం. ఏజెంటు రిజిస్టరయ్యాడో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్‌లో చూసుకోవచ్చు. అసలు పై స్థాయి ఉద్యోగాలకు మనుషుల్ని వెతికిపెట్టే సంస్థలు తమ ఫీజు కంపెనీ దగ్గరే తీసుకుంటాయి. మేనేజరు పోస్టుకు అభ్యర్థే లక్షలు కట్టాలంటే అక్కడ అమ్ముతున్నది వీసా అన్నమాట.

ఇంకో చిన్న సంగతి. పదో తరగతి దాటినవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కరలేదు. ఇది మన చదువుకున్న పిల్లలకు సౌకర్యమే. కానీ దానివల్ల మరొకటి జరుగుతుంది. కూలికి వెళ్లే వ్యక్తి కాంట్రాక్టును ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఒకసారి చూస్తుంది. ఎం.బి.ఎ. చదివినవాడి కాంట్రాక్టును చూసేవాడు ఎవడూ లేడు. తన కాగితం తనే చదువుకోవాలి.

ఇంగ్లీషు ఒక్కటే చాలిన రోజులు

‘‘ఇంగ్లీషు ఇంత బాగా వచ్చు, పదకొండేళ్ల అనుభవం ఉంది, అయినా ఇంత కష్టమా?’’ అని మా ఆపా ఫోనులో బాధపడింది. ఆమె బాధకు కారణం ఉంది. ఆమె చూసిన కాలం వేరు.

1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు ఒక్కసారిగా మొదలైనప్పుడు, అక్కడ చదువుకున్నవారు తక్కువ, ఫైళ్లు నడిపే భాష ఇంగ్లీషు. పై కుర్చీల్లో బ్రిటిష్, అమెరికన్ దొరలు, వారి కింద లెక్కలు, స్టోర్లు, ఉత్తరప్రత్యుత్తరాలు చూసుకోవడానికి మనవాళ్లు. సౌదీ చమురు కంపెనీ ఆరాంకో పేరులోనే ‘అరేబియన్ అమెరికన్’ ఉంది. అదే కంపెనీలో 1947లో చిన్న కుర్రవాడిగా ఆఫీసు బాయ్ పనిలో చేరిన అలీ అల్ నైమీ, కంపెనీ ఖర్చుతో అమెరికాలో చదివి వచ్చి, 1984లో ఆ కంపెనీకి తొలి సౌదీ అధ్యక్షుడయ్యాడు. ఆ తర్వాత దేశానికి చమురు మంత్రి కూడా అయ్యాడు.

ఆ ఒక్కడి దారిలో ఇప్పుడు లక్షలమంది వచ్చారు. 2005లో మొదలైన కింగ్ అబ్దుల్లా స్కాలర్‌షిప్ మీద సౌదీ యువతీయువకులు అమెరికాలో, బ్రిటన్‌లో చదివి తిరిగివచ్చారు. వాళ్లకు ఇంగ్లీషు మనకంటే తక్కువేమీ రాదు, పైగా అరబీ తల్లిభాష. వారికి ఉద్యోగాలు చూపించడానికే 2011లో నితాఖాత్ పద్ధతి వచ్చింది. సౌదీలు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి కంపెనీకి రంగు ఇస్తారు, ఆ రంగును బట్టి కొత్త వీసాలిస్తారు. మానవ వనరుల మేనేజరు వంటి కొన్ని పదవులు పూర్తిగా సౌదీలకే. ఇంజనీరింగ్ వృత్తుల్లో 2021లో 20 శాతం, 2024 జులై నుంచి 25 శాతం స్థానికులుండాలన్నారు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లలు. మనం తప్పుపట్టాల్సిందేమీ లేదు. మన పిల్లలు వెళ్లేముందు తెలుసుకోవాల్సింది మాత్రం ఉంది. హెచ్.ఆర్. చదివిన కుర్రవాడు సౌదీలో హెచ్.ఆర్. మేనేజరు పోస్టుకు దరఖాస్తులు పంపుతూ ఏడాది గడపడం మేం చూశాం. ఎవరూ చెప్పలేదు పాపం.

మరి బయటివారికి ఏం మిగిలింది? పని చేసి చూపించిన అనుభవం ఉన్నచోట చాలానే మిగిలింది. ఆస్పత్రుల నిర్వహణ, మందుల నాణ్యత, శీతల గిడ్డంగులు, పెద్ద నిర్మాణాల ప్రాజెక్టు నియంత్రణ, సమాచార సాంకేతికం. పైగా 2024 జనవరి 1 నుంచి, తమ ప్రాంతీయ ప్రధాన కార్యాలయం సౌదీలో లేని విదేశీ కంపెనీలకు ప్రభుత్వ కాంట్రాక్టులు సాధారణంగా ఇవ్వబోమన్నారు. దానితో దుబాయ్‌లో కూర్చుని వ్యవహారం నడిపిన కంపెనీలు ఎన్నో రియాద్‌లో ఆఫీసులు తెరిచాయి. అలాంటిచోట ఇంగ్లీషు పనికొస్తుంది. అయితే ఇప్పుడు అది తలుపు దగ్గర చూపే టికెట్టు మాత్రమే, కుర్చీ వేరే సంపాదించుకోవాలి.

వెతకడం ఎలాగంటే

మా మేనల్లుడికి దమ్మామ్ ఉద్యోగం ఎలా దొరికిందో అడిగి తెలుసుకున్నాం. లింక్డిన్‌లో, బైత్‌లో, నౌక్రీగల్ఫ్‌లో ఏడాదిగా దరఖాస్తులు పెడుతూనే ఉన్నాడట. రెండొందలు దాటాయి, జవాబులు నాలుగు కూడా రాలేదు. చివరికి పని జరిగింది మరో దారిలో. ఇదివరకు తనతో పనిచేసి అక్కడికి వెళ్లిన ఒక కేరళ మిత్రుడు, ఖాళీ ఉందని తెలిసి ఇతని పేరు తన పై అధికారికి చెప్పాడు. గల్ఫ్‌లో పై స్థాయి ఉద్యోగాలు చాలావరకు ఇలా తెలిసినవారి మాట మీదే దొరుకుతాయి. మరో మంచి దారి, మన దేశంలోనే గల్ఫ్ శాఖలున్న పెద్ద కంపెనీలో చేరి బదిలీ మీద వెళ్లడం. ఆలస్యమైనా అందులో మోసానికి తావు తక్కువ.

అతని బయోడేటా కూడా చూశాం. మొదట నాలుగు పేజీలుండేదట, ‘కష్టపడే స్వభావం, జట్టుతో కలిసి పనిచేయగలను’ వగైరా. ఆ మిత్రుడే రెండు పేజీలకు కుదించమన్నాడు. ఎన్ని చదరపు అడుగుల గిడ్డంగి, ఎంతమంది మనుషులు, గడువు తీరి పారేసే మందుల నష్టం ఎంత నుంచి ఎంతకు తగ్గింది, ఈ లెక్కలే పై భాగంలో పెట్టించాడు. ఇంటర్వ్యూలో మూడుసార్లూ వాటి మీదే ప్రశ్నలు అడిగారు. ఇంగ్లీషు ఉచ్చారణ గురించి ఎవరూ పట్టించుకోలేదు. అడిగిన జోర్డాన్ అధికారి ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమేనట!

ఓపిక కూడా కావాలి. రంజాన్‌లో సౌదీలో ముస్లిం ఉద్యోగుల పనివేళలు రోజుకు ఆరు గంటలే, నిర్ణయాలు పండుగ తర్వాతకు వాయిదా పడతాయి. జులై, ఆగస్టులో అధికారులు సెలవుల్లో ఉంటారు. జవాబు రాలేదని ఆ నెలల్లో కంగారుపడి ఏజెంటు చేతిలో పడినవారున్నారు. మా మేనల్లుడూ ఆ గడపదాకా వెళ్లినవాడే.

డిగ్రీ కాగితాలు ముందుగా సిద్ధం చేసుకుంటే సగం భారం తీరుతుంది. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ. సౌదీ 2022 డిసెంబరు నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. ఇంజనీర్లయితే సౌదీ ఇంజనీర్ల మండలిలో, అకౌంటెంట్లయితే అక్కడి వృత్తి సంఘంలో పేరు నమోదు చేయించుకోవాలి. పట్టా మీద ఉన్న పేరు, పాస్‌పోర్టు మీది పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మన పేర్లలో షేక్ ఒకచోట ముందు, ఒకచోట వెనక, మహమ్మద్ ఒకచోట పూర్తిగా, ఒకచోట ‘యండి’ అని రాసి ఉండటం ఎంతమందిని ఏడిపించిందో చెప్పలేం. ఇది టెన్తు సర్టిఫికెట్టు నాడే దిద్దుకోవాల్సిన విషయం.

10,800 ఎంత?

ఇక డబ్బు లెక్క. కాగితం, కలం తెచ్చుకుని అందరం కూర్చున్నాం. దమ్మామ్ వారిచ్చిన వివరం ఇది: మూల వేతనం 8,000, ఇంటి అద్దెకు 2,000, రవాణాకు 800. జీతం మీద సౌదీలో ఆదాయపు పన్ను లేదు. అంతవరకు సంతోషమే.

భార్య, ఇద్దరు పిల్లలు వెళితే తలకు నెలకు 400 రియాళ్ల చొప్పున ఆశ్రితుల రుసుము. 2017 జులైలో వందతో మొదలైన ఈ రుసుము ఏటా వంద పెరుగుతూ 2020 నాటికి నాలుగొందలైంది. ముగ్గురికీ ఏడాదికి 14,400 రియాళ్లు. కంపెనీ కడతానని రాసివ్వకపోతే అది మన జేబులోంచే. కొనే వస్తువుల మీద 2018లో 5 శాతంగా వచ్చిన వ్యాట్ 2020 జులై నుంచి 15 శాతం. పిల్లల ఫీజులు వేరే. వైద్య బీమా మాత్రం ఉద్యోగికీ, ఆశ్రితులకూ యజమాని చేయించాలి, అది చట్టం.

కోడలు మా పక్కనే కూర్చుని వింటోంది. ఆమె ఇక్కడ ఒక పాఠశాలలో లెక్కల టీచరు. ‘‘నేను అక్కడ పని చేసుకోవచ్చా మామూ?’’ అని అడిగింది. ఆశ్రితుల ఇకామా మీద ఊరికే ఉద్యోగంలో చేరడానికి వీల్లేదు, దానికి వేరే అనుమతి కావాలి. అంటే మొదటి ఏడాది ఆమె జీతం పోయినట్టే లెక్క వేయాలి. ఆ అంకె కూడా కాగితం మీద రాయించాం. మగవాళ్లు ఈ లెక్క వేయడం మరచిపోతారు.

సర్వీసు ముగిశాక వచ్చే డబ్బు సంగతి తెలిసినవారు తక్కువ. సౌదీలో మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆపైన ఏడాదికి నెల జీతం. కానీ తనంతట తాను రాజీనామా చేస్తే, రెండేళ్లు నిండకపోతే ఏమీ రాదు, ఐదేళ్లదాకా మూడోవంతు, పదేళ్లలోపు మూడింట రెండొంతులు, పదేళ్లు నిండితే పూర్తిగా. మూడేళ్లకు మానేస్తే ఇతనికి రావాల్సిన 16,200లో చేతికొచ్చేది 5,400 రియాళ్లే. దుబాయ్, అబూధాబీల్లో లెక్క వేరు. అక్కడ మొదటి ఐదేళ్లు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, తర్వాత 30 రోజులది. అందుకే అక్కడ కొందరు యజమానులు మూల వేతనం చిన్నదిగా, అలవెన్సులు పెద్దవిగా రాస్తారు.

దుబాయ్ ప్రస్తావన వచ్చింది గనుక మరో మాట. అక్కడి చిన్న కంపెనీల్లో ‘మేనేజరు’ అని తీసుకుని కంపెనీ లైసెన్సు మీద పేరు ఎక్కిస్తారు, చెక్కుల మీద సంతకాలు పెట్టిస్తారు. అదో గౌరవం అనుకుంటాం. 2022 జనవరిలో చట్టం మారేదాకా, డబ్బు లేని చెక్కు చాలావరకు క్రిమినల్ కేసే, కంపెనీ తరఫున సంతకం పెట్టినవాడు కూడా చిక్కుల్లో పడేవాడు. ఇప్పుడు చాలా సందర్భాల్లో అది సివిల్ వ్యవహారం. అయినా లైసెన్సు మీద మన పేరుంటే కంపెనీ అప్పులకు, పొరపాట్లకు జవాబు చెప్పమని మనల్నే పిలవవచ్చు. ఏ అధికారంతో, ఎంత మొత్తం వరకు సంతకం పెట్టాలో రాతలో లేకుండా కలం తీయవద్దని మా సలహా.

ఇదంతా అయ్యేసరికి అసర్ అజాన్ వినిపించింది. నమాజు నుంచి తిరిగి వచ్చాక దూల్హాభాయ్ కడపకు ఫోను చేసి స్థలం బేరం ఆపమన్నారు. ఏజెంటుకు వద్దని చెప్పేశాడు కుర్రవాడు. ‘‘మళ్లీ ఇలాంటి అవకాశం రాదు’’ అని మూడు రోజులు వెంటపడ్డాడట అతను.

దమ్మామ్ వారికి మాత్రం మూడు విషయాలు అడుగుతూ ఉత్తరం రాయించాం. కాంట్రాక్టు అరబీ ప్రతి ముందుగా పంపాలి, ఎందుకంటే రెండు భాషల్లో తేడా వస్తే అక్కడి చట్టం ప్రకారం చెల్లేది అరబీయే. వీసాలో వృత్తి ఏమని ఉంటుందో చెప్పాలి. ఆశ్రితుల రుసుము కంపెనీ భరించాలి. రెండు వారాలు జవాబు లేదు. ఆ రెండు వారాలూ మా ఆపా మాతో ముభావంగానే ఉంది, ఎక్కువ అడిగించి ఉన్నది పోగొట్టామని. మాకూ లోపల గుబులుగానే ఉండింది. జవాబు వచ్చింది. మొదటి రెంటికీ సరేనన్నారు. మూడోదానిలో సగం భరిస్తామన్నారు. ఉద్యోగం మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతును మాత్రం తీయమన్నారు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది, అతను కూడా ఒప్పుకున్నాడు.

కుర్రవాడు ఒంటరిగా వెళ్లాడు. పిల్లల పరీక్షలయ్యాక మార్చి చివర్లో కోడలు వెళుతుంది. పోయిన గురువారం రాత్రి ఇకామా ఫొటో ఫోనులో పంపాడు. మేం ఆ సమయానికి కడపలో ఆపా ఇంట్లోనే ఉన్నాం. వీధిలో పిల్లలకు ఖురాన్ నేర్పే మనిషి ఆమె. కళ్లజోడు పెట్టుకుని, ఫోను వెలుతురులో ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, పిల్లలకు చెప్పినట్టే పైకి చదివింది. మీమ్, దాల్, యా, రా. ‘‘ముదీర్! అంటే పత్రిక ఎడిటరు గదా తమ్ముడూ, వీడిని గిడ్డంగికి గదా తీసుకున్నారు?’’ అంది కంగారుగా. ఉర్దూ పత్రిక చదివే ఇల్లు అది. సౌదీలో ముదీర్ అంటే మేనేజరని చెప్పాం. మరోసారి చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది.